మూల కుట్టని పరుపు, అద్దమున్న బండి

ఒక్క మనిషి ఒక్క పూటలో, ఎవర్నీ కొట్టకుండా, తిట్టకుండా, చుక్క మందు ముట్టకుండా ఎంత నష్టం చేయగలడో తెలుసుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించకపోయినా చెబుతాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను ఒక పెళ్ళివారి పరుపుని పర్చూరు నుంచి దర్శికి మోసుకెళ్ళాను. పరుపు గుడ్డ క్షేమంగా దర్శి చేరింది. అందులో ఉండాల్సిన దూదిని మాత్రం దారిలో మూడు మండలాలకి పంచిపెట్టాను. గాలివాన రాలేదు, దొంగలు పడలేదు. ఉన్నదల్లా నా తెలివి, దానికి తోడు ఒక కొత్త మోటారు సైకిలు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మేము దూదేకులవాళ్ళం. పర్చూరులో మాకు పరుపుల కొట్టు ఉండేది. దూదిని తాత వింటితో ఏకాడు, నాన్న మిషనుతో ఏకాడు, మూడో తరం వాడు నోటితో ఏకుతున్నాడని అమ్మ నా గురించి చెప్పేది. నాన్న పేరు కాశిం. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడితే ఎదుటివాడు రెండు రోజులు దాన్నే నెమరేసుకోవాలి.

నాన్నకొక పద్ధతి ఉండేది. మా వైపు జనం తమ చేలో పత్తి తామే తెచ్చిచ్చి పరుపు కుట్టించుకుంటారు. ఇచ్చాక ఒకటే అనుమానం, మంచి దూది తీసుకుని లోపల పాత దూది కూరతారేమోనని. కూరేవాళ్ళు లేకపోలేదు. అందుకని నాన్న పరుపు నింపి, మూతిని టాకాలతో, అంటే పొడుగాటి వదులు కుట్లతో పట్టించి, దారం కొసకి ముడి వెయ్యకుండా, ఒక మూల జానెడు మేర కుట్టకుండా వదిలేసేవాడు. పరుపు ఇంటికి చేరాక ఆ ఇంటి పెద్ద మూలలో చెయ్యి పెట్టి, మోచేతి దాకా పోనిచ్చి, గుప్పెడు దూది లాగి వెలుతురులో చూసుకోవాలి. తన దూదేనని ఆయన ఒప్పుకున్నాకే నాన్న దబ్బనం తీసి మూల మూసేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కరూ కాదనలేదు. మూల తెరిచి ఉంటేనే మన మాట నిలబడుతుందనేవాడు.

ఇంత నిదానమైన ఇంట్లో పుట్టిన నేను వేగానికి మనసిచ్చాను.

ఆ రోజుల్లో మా వైపు బండంటే మోపెడే. దాని మీద పాల క్యాన్లు, పురుగుమందు డబ్బాలు, మేకపిల్ల, పెళ్ళాం పిల్లలు, అన్నీ వెళ్ళేవి. మా మోపెడ్ మీద పరుపులు వెళ్ళేవి. నేనేమో చీరాలలో ఇంగ్లీషు మోటారు పత్రికలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. వాటిలోనే 'స్పోర్ట్ టూరింగ్' అనే మాట తగిలింది. ఆ రకం బండి ఒకటి అప్పటికే మన రోడ్ల మీద ఉంది. చీరాలలో బాజీ అనే స్నేహితుడు దాన్ని కొని, దాని పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగాడు. ఆ ఏడాది దాన్నే సవరించి కొత్త మోడల్ వదిలారు. ముందర గాలికి అడ్డుగా ఇంకాస్త ఎత్తు అద్దం, వెనక చక్రానికీ డిస్క్ బ్రేకు, అంకెలు వెలిగే మీటరు. పాతదాని మీద పదిహేను వేలు ఎక్కువ.

ఆ పదిహేను వేలు దండగా, సబబా అనే విషయం మీద బాజీకీ నాకూ నెల రోజులు నడిచింది. పాతది కొన్నవాడు కాబట్టి దండగన్నాడు. ఏదీ కొననివాణ్ణి కాబట్టి సబబన్నాను. వాదనలో నేనే గెలిచాను. గెలిచినవాడు కొనాలి కదా, ఇరుక్కుపోయాను.

నాన్న దగ్గర సంగతెత్తాను. ఆయన దూది విదిలిస్తూ విన్నాడు. స్పోర్ట్ టూరింగ్ అంటే ఏంటని అడిగాడు. స్పోర్ట్ అంటే వేగంగా పోవడమని, టూరింగ్ అంటే దూరం పోవడమని వివరించాను.

"దూరం పోవాల్సినవాడు నిదానంగా పోతాడు. వేగంగా పోయేవాడు దగ్గర్లోనే ఆగిపోతాడు. రెండూ ఒకే బండిలో ఎట్లా పెట్టార్రా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఏ పత్రికలోనూ సమాధానం లేదు. ఎత్తు అద్దం గురించి చెప్పాను, గాలి అసలు తగలదని. జనం బండెక్కేదే గాలి కోసం కదా అన్నాడాయన. వెనక డిస్క్ బ్రేకు గురించి చెబితే, మన మోపెడ్ ఆపాలంటే కాలు కింద పెడితే చాలన్నాడు. చివరికి మైలేజీ ఎంతని అడిగాడు. ఇలాంటి బండ్ల విషయంలో ఆ మాట అడగకూడదని, అడిగితే మనకే చిన్నతనమని చెప్పాను. నాన్న మళ్ళీ దూది విదిలించడంలో పడ్డాడు.

అయినా అమ్మ గట్టిగా నిలబడింది. ఒక్కగానొక్క కొడుకు, సరదా పడ్డాడు అంది. దూది మిషనుకి కొత్త మోటారు కోసం దాచిన డబ్బు, నేను కూడబెట్టింది కలిపి బండి తెచ్చాం. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక సీటు మీద చెయ్యి వేసి, అది వాలుగా ఉండటం చూసి ఒకే షరతు పెట్టాడు.

"సరుకు మోస్తే ఉంచు. మొయ్యకపోతే అమ్మేసి మోటారు కొందాం. మోపెడ్ మాత్రం ఎక్కడికీ పోదు."

వారం తిరక్కుండా పరీక్ష వచ్చింది. దర్శిలో దైవసహాయం మాస్టారని నాన్నకి పాత పరిచయం. ఆయన కూతురు సువార్త పెళ్ళి మర్నాడు చర్చిలో. పెళ్ళవగానే మంచం, పరుపు అమ్మాయితో పాటు అత్తారింటికి వెళ్ళాలి. మాస్టారికి రెండెకరాల పత్తి ఉంది. ఆ చేలో మొదటిసారి విచ్చిన పత్తిని పెళ్ళికూతురే తన చేతులతో తీసిందట. ఆ దూదితోనే పరుపు కావాలన్నారు. బజార్లో మణుగులకి మణుగులు దొరుకుతుంది, కానీ ఆ దూది దొరకదు. ఈ సంగతి నాన్న నాకు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నేను మీటరు తుడుస్తున్నాను.

మోపెడ్ మీద తానే వెళతానన్నాడు నాన్న. అంత దూరం మోపెడ్ మీదా అని నవ్వి, టూరింగ్ అంటే ఏమిటో ఇవాళ చూపిస్తానన్నాను. ఆయన పరుపు చుట్టి నా చేతికిస్తూ, తెరిచిన మూల నీ వీపుకి ఆనించి కట్టుకో, నిదానంగా పో అన్నాడు. నేను మూల వెనక్కి పెట్టి కట్టాను. ఎందుకంటే ఆ వాలు సీటు మీద చుట్ట అలాగే బాగా కూర్చుంది. చూడ్డానికి కూడా బావుంది. మోపెడ్ మీద ముప్ఫై ఏళ్ళు జరగనిది ఇంత ఖరీదైన బండి మీద ఎందుకు జరుగుతుంది? ఇదీ నా లెక్క.

ఇంకొల్లు వరకు బుద్ధిగానే వెళ్ళాను. తర్వాత హైవే వచ్చింది. కొత్తగా వెడల్పు చేసిన రోడ్డు, మధ్యలో గన్నేరు మొక్కలు. మీటరు మీద అంకెలు ఎనభై, తొంభై, వంద. నాకు గాలి తగల్లేదు. నమ్మండి, చొక్కా కాలరు కూడా కదల్లేదు. కంపెనీవాళ్ళు ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. పదిహేను వేలు రాబట్టుకున్నానని పొంగిపోయాను. నాకు తగలాల్సిన గాలి ఎక్కడికి పోతోందని మటుకు ఆలోచించలేదు. అది తిన్నగా నా తల మీదుగా వెళ్ళి, నాకన్నా జానెడు ఎత్తున్న పరుపు చుట్టని పట్టుకుని, ముడిలేని దారాన్ని ఒక్కో టాకా ఊడదీస్తోంది.

అద్దంకి దాటేసరికి బండి ఇంకా తేలిగ్గా లాగుతోంది. కొత్త ఇంజను పదును పట్టిందనుకున్నాను. నడిచేకొద్దీ బలం పెరిగే ఇంజను ప్రపంచంలో ఎక్కడా లేదని ఆ పత్రికల్లో ఎవరూ రాయలేదు మరి. రోడ్డు పక్కన జనం చేతులూపుతున్నారు. కొత్త మోడల్ కదా, ముచ్చట పడుతున్నారని నేనూ చెయ్యి ఊపాను. ఒక ముసలాయన ఏకంగా పైపంచె తీసి ఊపాడు. ఆయనకి తల వంచి నమస్కారం కూడా పెట్టాను. వెనక ఎర్ర బస్సొకటి ఆగకుండా హారన్ కొడుతుంటే పందేనికొచ్చిందనుకుని ఇంకాస్త లాగించాను. మబ్బు కూడా లేని ఎండలో ఆ బస్సు వైపర్లు ఎందుకు వేసుకుందో తర్వాతెప్పుడో అర్థమైంది. మిర్రర్లలో చూడొచ్చు కదా అంటారు. చూశాను. ఆ మోడల్ మిర్రర్లలో ఎవరి మోచేతులు వాళ్ళకి స్పష్టంగా కనిపిస్తాయి.

దర్శి పొలిమేరలో టీ కొట్టు దగ్గర ఆగాను. పెళ్ళింట్లోకి వెళ్ళే ముందు తల దువ్వుకోవాలి గదా. టీ కొట్టాయన గరిటె పట్టుకుని నా వెనక్కి చూస్తున్నాడు. పరుపెవరికని అడిగాడు. మాస్టారి అమ్మాయికని గొప్పగా చెప్పాను.

"మరి దూది తర్వాత వస్తుందా బాబూ?" అన్నాడు.

తిరిగి చూశాను. చారల చారల గుడ్డ, తాళ్ళకి వేలాడుతూ, బక్కెద్దు డొక్కలాగా లోపలికి పోయి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే మూలన గుప్పెడు దూది తగిలింది. ఆ అమ్మాయి ఒక్కో కాయా విప్పి తీసిన పత్తి. నాన్న ముప్ఫై ఏళ్ళ మాట. రెండూ కలిపి గాలికి ఎగరేసి వచ్చాను. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడం పాత సామెత. ఒంటి మీదున్నదాన్ని గాలికి వదిలేసినవాడికి సామెత ఇంకా పుట్టలేదు.

బండి వెనక్కి తిప్పాను. నాలుగైదు కిలోమీటర్లు వచ్చాక రోడ్డు వారన మిరపకాయల కల్లం కనిపించింది. ఎకరం మేర ఎర్రగా కాయలు ఎండుతున్నాయి, వాటి మీద తెల్లగా దూది. మలుపులో బండి వంచినప్పుడు మిగిలిందంతా అక్కడే ఒక్కసారిగా దిగినట్టుంది. ఆడవాళ్ళు బారుగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు, అంటే రంగు పోయి పాలిపోయిన కాయల్ని విడిగా తీస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ కోటమ్మ నన్ను చూడగానే లేచి కొంగు బిగించింది.

"ఇందాక నమస్కారం పెట్టుకుంటా పోయింది నువ్వే కదూ?"

నేనేనన్నాను.

"మేం తాలు ఏరడానికి కూలికొచ్చాం నాయనా, దూది ఏరడానికి కాదు. తెల్ల కాయేదో, దూదేదో తెలీక కళ్ళు పోతన్నయ్. కూర్చో. ఒక్క పోగు మిగలడానికి వీల్లేదు."

కూర్చున్నాను. ఎండు మిరప తొడిమకి దూది అంటుకుంటే అది మామూలు పట్టు కాదు. ఒక్కో కాయా చేతిలోకి తీసుకుని, తొడిమ నుంచి పోగులు లాగాలి. మొదటి పావుగంట చేతులు వెచ్చబడ్డాయి. తర్వాత మండాయి. చెమట తుడుచుకుంటూ ఆ చేతులే కళ్ళ మీద పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఏడుస్తూ ఏరాను. పక్కనున్న ఆడవాళ్ళు జాలిపడి తలా కాస్త ఏరిపెట్టారు. కోటమ్మ మాత్రం నా బండి చుట్టూ తిరిగొచ్చి, ఇంత డబ్బు పోసి కొన్నావు, వెనక ఒక గంపైనా పట్టదేంటి నాయనా అని నిజంగానే బాధపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసే పనే. నేను చేతులు మండాక దూది పట్టుకున్నాను.

రెండు గంటలు ఏరితే సగం పరుపుకి దూది తేలింది. ఇక్కడ ఆగి ఉంటే ఇది చిన్న కథగా మిగిలిపోయేది. మాస్టారి దగ్గరికెళ్ళి నిజం చెప్పి కాళ్ళ మీద పడొచ్చు. కానీ నా మెదడు కూడా సవరించిన కొత్త మోడలే. దూదిని బాగా విదిల్చి ఉబ్బిస్తే సగం కూడా నిండుగా కనిపిస్తుందని అది చెప్పింది. విదిల్చాను, కూరాను, మూల మూయడానికి వెంట తెచ్చుకున్న దబ్బనంతో టాకాలు వేశాను. అలవాటు కొద్దీ మూల తెరిచి ఉంచాను. దొంగతనం చేసేవాడు కూడా ఇంటి పద్ధతి తప్పకూడదు చూడండి.

మాస్టారింట్లో పందిరి వేసి ఉంది. చుట్టాలు, పిల్లలు, వంటల పొగ. దైవసహాయం మాస్టారు పొట్టిగా, తెల్లచొక్కాలో, దళసరి కళ్ళజోడుతో ఎదురొచ్చారు. నా కళ్ళు ఎర్రగా ఉండటం చూసి, ప్రయాణంలో దుమ్ము పడిందేమోనని కడుక్కోమన్నారు. ఆ మంచితనం కళ్ళలోని కారం కంటే ఎక్కువ మండింది. పరుపు మంచం మీద పరిచాను. పెళ్ళికూతురు గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

మాస్టారు చొక్కా చేతులు మడిచి, మూలలో చెయ్యి పెట్టి, మోచేతి దాకా పోనిచ్చారు. గుప్పెడు దూది తీశారు. ఆయనకి దగ్గరి చూపు తక్కువ. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దూదిని ముక్కు దగ్గరగా పెట్టుకుని చూశారు. మొదటి తుమ్ము అప్పుడొచ్చింది. రెండోది వచ్చేసరికి చేతిలో దూది ఎగిరి పిల్లల మీద పడింది. పిల్లలు తుమ్మారు. వాళ్ళని ఎత్తుకున్న తల్లులు తుమ్మారు. పందిట్లో వంటవాడు, తాను వేసిన తాలింపేమోనని పరిగెత్తుకొచ్చి అతనూ తుమ్మాడు. తుమ్మనిది నేనొక్కణ్ణే. రెండు గంటలు కల్లంలో కూర్చుని అలవాటు పడ్డాను.

మాస్టారు పదకొండో తుమ్ము తర్వాత కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు. "దూది మాదిలాగే ఉంది, మస్తానూ. కాకపోతే కాస్త కారంగా ఉంది."

గుమ్మంలోంచి సువార్త అంది. "మన చేలో మిరప వెయ్యలేదుగా నాన్నా."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. హైవే, గాలి, అద్దం, కోటమ్మ, అన్నీ వరసగా చెప్పేశాను. మాస్టారు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లోపలికెళ్ళి మా కొట్టుకి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి వచ్చి మంచం చివర కూర్చుని, గుప్పెడు దూది ఒళ్ళో పెట్టుకుని, పోగుల మధ్య ఇరుక్కున్న మిరప గింజలు ఏరడం మొదలెట్టింది. మర్నాడు పెళ్ళి. అందరూ గోరింటాకు పెట్టుకోమని పిలుస్తున్నారు. తను లేవలేదు. నాకు సిగ్గుతో నేలలోకి దిగిపోవాలనిపించింది.

పొద్దు వాలుతుండగా మోపెడ్ చప్పుడు వినిపించింది. అంత దూరం అదే వేగంతో వచ్చాడు నాన్న. వెనక గోనె బస్తా, ఒక్క పోగు కూడా బయటికి కనిపించకుండా పురికొసతో కట్టి ఉంది. ఇల్లు కనుక్కోవడం కష్టమైందా అని మాస్టారు మర్యాదకి అడిగారు. లేదండి, రోడ్డు పొడుగునా మావాడు గుర్తులు పెట్టుకుంటూ వచ్చాడన్నాడు నాన్న.

తర్వాత బస్తా విప్పాడు. ఆ దూదిని నేను గుర్తుపట్టాను. మూడేళ్ళుగా అమ్మ మంచి పత్తి కనిపించినప్పుడల్లా కాస్త కాస్త కొని అటక మీద దాస్తోంది. నా పెళ్ళి పరుపు కోసం.

"మాస్టారూ, మీ దూది పోయింది. దాన్ని తేలేను. ఇది మావాడి కోసం దాచింది. చెయ్యి పెట్టి చూసుకోండి, ఇష్టమైతేనే కుడతాను," అన్నాడు.

మాస్టారు చూడలేదు. కూతురు వైపు తిరిగారు. సువార్త లేచి వచ్చి, బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి చెంపకి ఆనించుకుంది. కుట్టమంది. నాన్న కూర్చుని గుడ్డ మార్చి, నింపి, మూల మూసి, అడ్డంగా నిలువుగా గడులు వేసి, దీపాలు పెట్టే వేళకి ముగించాడు. ముప్ఫై ఏళ్ళ మాట నిలబడింది. దబ్బనానికి దారం ఎక్కించి అందించడం తప్ప నాకు ఏ పనీ చెప్పలేదు.

ఏరుకొచ్చిన కారం దూది వాళ్ళదే కాబట్టి మూట కట్టి మాస్టారి ముందు పెట్టాడు. మాస్టారు దాన్ని దూరం నుంచే తోశారు. "మా పిల్ల మీ దూది మీద పడుకుంటుంది. మీవాడు మా దూది మీద పడుకోనీ. లెక్క సరిపోయింది," అన్నారు.

బయటికొచ్చాక నా బండి చుట్టూ పెళ్ళివాళ్ళు మూగి ఉన్నారు. మాస్టారు కూడా ముచ్చటగా చూసి, పిల్లలకి పాఠం చెప్పే మనిషి కదా, అడగాల్సినదే అడిగారు. మైలేజీ ఎంతిస్తుందని. నేను నోరు తెరిచేలోగా నాన్న జవాబిచ్చాడు.

"లీటరుకి ఎంతో తెలీదు మాస్టారూ. పరుపుకి నలభై మైళ్ళిచ్చింది."

షరతు ప్రకారం బండి అమ్మేశాం. కొనడానికి వచ్చిన కుర్రాడు, పాత మోడల్ కంటే దీనికి అంత ఎక్కువ పెట్టడం సబబేనా అన్నా అని అడిగాడు. బాజీతో నెల రోజులు వాదించిన నేను ఈసారి ఒక్క ముక్కలో చెప్పాను. సబబే తమ్ముడూ, ముందు కూర్చున్నవాడికి. వెనక ఎవరున్నారో చూసుకుని కొనుక్కో అన్నాను. అతనికి అప్పటికి పెళ్ళి కాలేదు. సంతోషంగా తీసుకెళ్ళాడు. వచ్చిన డబ్బుతో దూది మిషనుకి కొత్త మోటారొచ్చింది. అది ఏకిన మొదటి సరుకు ఆ కారం దూదే. నాన్న దాన్ని వారం రోజులు ఎండబెట్టి, మూడుసార్లు ఏకి, పరుపు కుట్టి అటకెక్కించాడు.

రెండేళ్ళకి నా పెళ్ళయింది. పెళ్ళికూతుర్ని ఇంటికి తెచ్చిన రోజు, అందరూ చూస్తుండగా, కొత్త పరుపు మీద కూర్చోబెట్టారు. కూర్చుని, సిగ్గుతో తల వంచుకుని, నా పెళ్ళాం నసీమా మా ఇంట్లో మొట్టమొదట చేసిన పని తుమ్మడం. ఒకటి కాదు, వరసగా ఏడు. పాపం, కొత్త చోటు పడలేదేమోనని ఆడవాళ్ళు కంగారు పడ్డారు. నాన్న మాత్రం గుమ్మంలో నిలబడి, ఆ పదిహేను వేలు ఇంకా పూర్తిగా దిగినట్టు లేవురా అని వెళ్ళిపోయాడు. ఎందుకు తుమ్మానో చెప్పమని నసీమా పట్టుబట్టింది. మా కాపురం ఈ కథతోనే మొదలైంది. ఇప్పటికీ వానాకాలం ముసురు పట్టి పరుపు చెమ్మగిల్లితే ఆవిడ ఒకసారి తుమ్ముతుంది, నా వంక చూస్తుంది.

అందుచేత అయ్యలారా, అమ్మలారా, దబ్బనం మీద, దారం మీద, దర్శి రోడ్డులోని ప్రతి మిరప కల్లం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఈ జన్మలో నాకు గాలి తగలడం లేదని తెలిసిన మరుక్షణం బండి ఆపి, కిందికి దిగి, అది ఎవరికి తగులుతోందో వెనక్కి తిరిగి చూస్తాను. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యి ఊపితే నమస్కారం పెట్టను. ముందు పరుపు చూసుకుంటాను.